కంటి స్టెరాయిడ్ ఇంప్లాంటుకు బీమా వర్తిస్తుందా?

మధుమేహం వల్లనో, రెటీనా సిరలో అడ్డంకి వల్లనో రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరితే చూపు మసకబారుతుంది. ఇలాంటి రోగుల్లో కొందరికి వైద్యులు డెక్సామెథసోన్ ఇంప్లాంటును సూచిస్తారు. 0.7 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ గల ఈ సన్నని కడ్డీని సూది ద్వారా కంటిలోకి ప్రవేశపెడతారు. కొన్ని నెలల పాటు మందును విడుదల చేస్తూ అది కరిగిపోతుంది. ఆ తర్వాత వాపు తిరగబెడితే మళ్లీ వేయవలసి రావచ్చు. అందువల్ల ఖర్చు ఒక్కసారితో తీరకపోవచ్చు.

చికిత్స కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది. రోగి అదే రోజు ఇంటికి వెళ్తారు. బీమా చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అనేక పాలసీలు ఔట్‌పేషెంట్ ఖర్చులను చెల్లించవు. అయితే మత్తుమందు ఇచ్చి, 24 గంటల లోపు ముగించే చికిత్సలను 'డే కేర్'గా పరిగణిస్తాయి. బిల్లులో కేవలం 'ఇంజెక్షన్' అని ఉంటే క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో, పాలసీల నుంచి మినహాయించరాదంటూ 12 ఆధునిక చికిత్సలను పేర్కొంది. కంటిలోపలి ద్రవంలోకి ఇచ్చే ఇంజెక్షన్లు వాటిలో ఒకటి. అయితే వీటికి పరిమితి విధించే వెసులుబాటు కంపెనీలకు ఉంది. ఉదాహరణకు, ఆరోగ్య సంజీవని పాలసీలో ఈ పరిమితి బీమా మొత్తంలో 50 శాతం. పాలసీ తీసుకునే నాటికే మధుమేహం ఉంటే, వేచి ఉండవలసిన గడువు కూడా వర్తించవచ్చు. 2024 నిబంధనల ప్రకారం ఇది 36 నెలలకు మించరాదు.

కాబట్టి చికిత్సకు ముందే ఆసుపత్రి ద్వారా బీమా సంస్థ అనుమతి కోరడం మేలు. వ్యాధి నిర్ధారణ, ఓసీటీ స్కాన్ నివేదిక, ఏ కంటికి చికిత్స జరిగింది, ఎలాంటి మత్తు ఇచ్చారు, ఆపరేషన్ థియేటర్ వివరాలు, ఇంప్లాంట్ స్టిక్కర్ మొదలైనవన్నీ డిశ్చార్జ్ పత్రాలలో ఉండాలి. ఇంప్లాంట్ ధరను, వైద్యుని రుసుమును బిల్లులో విడివిడిగా చూపమని అడగాలి. చికిత్స తర్వాత కంటి ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం ఏర్పడవచ్చు. ఆ పరీక్షల ఖర్చు పాలసీ పరిధిలోకి వస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

క్లెయిమ్‌ను తిరస్కరిస్తే కారణాన్ని లిఖితపూర్వకంగా కోరి, ముందుగా బీమా సంస్థకే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కారం లభించకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు. తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులను హైదరాబాద్ కార్యాలయం స్వీకరిస్తుంది.

బిల్లు వివాదం తేలే వరకు చికిత్సను వాయిదా వేయడం మాత్రం సరికాదు. మాక్యులాలో వాపు దీర్ఘకాలం కొనసాగితే కోల్పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.