తాళం తప్పిన గుండె – పొంచి ఉన్న పక్షవాతం

మన కాలనీలో ఏ ఇంటనైనా జరుగగల సంఘటన ఇది. పదవీ విరమణ చేసి ఐదారేళ్ళయిన ఒక పెద్దాయన. రక్తపోటు ఉంది; క్రమం తప్పక మందులు వాడుతున్నారు. గుండె లయ తప్పుతున్నదని, రక్తం గడ్డకట్టకుండా ప్రతిదినం ఒక మాత్ర వేసుకోవాలని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఒకనాడు పన్ను పీకించుకోవలసి వచ్చింది. రక్తం ఆగదేమోనన్న భయంతో, ఎవరినీ అడుగకుండానే మాత్ర మానివేశారు. పన్ను పోయింది, నొప్పీ పోయింది. మాత్ర సంగతి మరుగున పడింది. మూడు వారాల తరువాత ఒక ఉదయం ఆయన చేతిలోని కాఫీ గ్లాసు జారిపడింది. తీయబోతే కుడిచేయి లేవలేదు. భార్యను పిలువబోతే మాట రాలేదు.

ఆయనకు ఛాతీలో నొప్పి రాలేదు, ఆయాసం రాలేదు. ఆపద పుట్టినది గుండెలో, బయటపడినది మెదడులో. ఈ రెండింటికీ గల సంబంధాన్ని ప్రతి కుటుంబమూ తెలుసుకొని ఉండటం ఎంతైనా అవసరం. ఎందుకంటే, పక్షవాతాలలో ముందుగా పసిగట్టి చాలావరకు నివారించగల రకం ఇది.

గుండె లయ ఎట్లా తప్పుతుంది?

గుండెలో పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు అని నాలుగు గదులున్నవి. కుడి కర్ణికలోని ఒక చిన్న కేంద్రం నుండి విద్యుత్ ప్రేరణ బయలుదేరి, ముందు కర్ణికలను, ఆ వెంటనే జఠరికలను ముడుచుకొనేటట్లు చేస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుండి 100 సార్లు ఈ క్రియ గడియారం వలె సాగుతుంది.

కొందరిలో ఈ క్రమశిక్షణ చెడిపోతుంది. కర్ణికలలో ఎక్కడపడితే అక్కడ ప్రేరణలు పుట్టి, నిమిషానికి 350 నుండి 600 వరకు చేరుతాయి. అప్పుడు కర్ణికలు ముడుచుకొనడానికి బదులు గాలికి రావియాకు వలె అదురుతూ ఉంటాయి. దీనినే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. ప్రేరణలన్నీ జఠరికలకు చేరవు. చేరినవి కూడా ఒక వరుసలో చేరవు. అందుచేత మణికట్టు వద్ద నాడి ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా, ఒకసారి బలంగా, ఒకసారి బలహీనంగా తాళం తప్పి కొట్టుకుంటుంది.

వయసు, అధిక రక్తపోటు, స్థూలకాయం, మధుమేహం, గుండెజబ్బులు, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, మితిమీరిన మద్యపానం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం దీనికి ముఖ్య కారణాలు. కొందరికి గుండెదడ, అలసట, ఆయాసం కలుగుతాయి. మరికొందరికి ఏమీ తెలియదు. తెలియకపోవడమే ఇందులోని పెద్ద ప్రమాదం.

గుండెలో గడ్డ, మెదడుకు దెబ్బ

పారే నీరు తేటగా ఉంటుంది, నిలిచిన నీటిలో పాచి పేరుకుంటుంది. ఎడమ కర్ణికకు ప్రక్కన చిన్న సంచి వంటి భాగమొకటి ఉంటుంది. కర్ణిక సరిగా ముడుచుకోనప్పుడు ఆ సంచిలో రక్తం కదలిక మందగించి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి ప్రవాహంలో పడితే, గుండె నుండి మెదడుకు నేరుగా పోయే ధమనులలో చేరి ఎక్కడో ఒకచోట అడ్డుపడుతుంది. ఆ పైభాగానికి రక్తం అందక మెదడు కణాలు చనిపోతాయి. ఇటువంటి గడ్డలు తరచుగా పెద్దవి కావడం వలన ఈ రకపు పక్షవాతం తీవ్రంగా ఉంటుంది.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుండి సాగుతున్న సుప్రసిద్ధ పరిశోధన ఈ ప్రమాదాన్ని లెక్కకట్టింది. లయ తప్పిన గుండె గలవారికి పక్షవాతం వచ్చే అవకాశం ఇతరులకంటె సుమారు ఐదు రెట్లు అధికమని, కీళ్ళవాత జ్వరం వలన గుండె కవాటం దెబ్బతిని లయ కూడా తప్పినవారిలో అది పదిహేడు రెట్ల వరకు ఉంటుందని 1978లో వెల్లడయింది.

ఈ రెండవ అంకె మన దేశానికి ముఖ్యమైనది. చిన్ననాడు గొంతునొప్పి రూపంలో వచ్చిన స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి, కీళ్ళవాత జ్వరానికి దారితీసి, గుండెలోని మిట్రల్ కవాటాన్ని బిగుసుకుపోయేటట్లు చేయడం మన పేద కుటుంబాలలో నేటికీ కనిపిస్తున్నది. అందువలన పాశ్చాత్య దేశాలలో ప్రధానంగా వృద్ధులకు వచ్చే ఈ లయభంగం మన దేశంలో ముప్పై, నలభై ఏళ్ళ వయసు గల గృహిణులలో సైతం కనిపిస్తుంది. ఇది పెద్దవాళ్ళ జబ్బు అని ఉపేక్షించరాదు.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

లయ తప్పిన వారందరికీ ప్రమాదం ఒకే స్థాయిలో ఉండదు. దానిని అంచనా వేయడానికి వైద్యులు ఒక పాయింట్ల పద్ధతిని పాటిస్తారు. గుండె బలహీనతకు 1, అధిక రక్తపోటుకు 1, మధుమేహానికి 1, గుండె లేదా కాళ్ళ రక్తనాళాల జబ్బుకు 1, వయసు 65 నుండి 74 మధ్య ఉంటే 1, 75 దాటితే 2, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2 పాయింట్లు. మొత్తం రెండు గాని అంతకు మించి గాని ఉంటే రక్తం గడ్డకట్టకుండా ఉంచే మందు వాడవలసినదే. ఒకటి ఉన్నవారి విషయం డాక్టరు ఆలోచించి నిర్ణయిస్తారు. మిట్రల్ కవాటం బాగా బిగుసుకుపోయినవారికి, లోహపు కవాటం అమర్చినవారికి ఈ లెక్క అక్కరలేదు. వారికి మందు తప్పనిసరి.

మన పెద్దాయనకు రక్తపోటుకు ఒకటి, వయసుకు ఒకటి, వెరసి రెండు. ఆ మాత్ర ఆయనకు ఐచ్ఛికం కాదు.

పశువుల కొట్టం నుండి వచ్చిన మందు

ఈ మందు పుట్టుక ఆసక్తికరమైనది. 1920లలో ఉత్తర అమెరికాలో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోసాగాయి. పాడైపోయిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తినడమే కారణమని తెలిసింది. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకరు, మంచుతుఫానులో ప్రయాణించి, గడ్డకట్టని రక్తంతో నిండిన పాలక్యాను తీసుకొని కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలకు వచ్చారు. ఏళ్ళ తరబడి శ్రమించి లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరు చేసింది. దాని నుండి రూపొందినదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషుల వైద్యానికి అనుమతి పొందింది. మరుసటి ఏడాది గుండెపోటుకు గురైన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా దీనిని ఇచ్చారు.

లయ తప్పినవారిలో పక్షవాతం అవకాశాన్ని వార్ఫరిన్ సుమారు మూడింట రెండు వంతులు తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి. ఆస్పిరిన్ తగ్గించేది ఐదింట ఒక వంతు మాత్రమే. కనుక “గుండెకు చిన్న ఆస్పిరిన్ వేసుకుంటున్నాను కదా, చాలదా?” అని ప్రశ్నించేవారు ఈ తేడాను గుర్తించాలి.

వార్ఫరిన్‌తోను, అదే తరగతికి చెందిన ఎసినోకౌమరాల్‌తోను ఒక చిక్కున్నది. మోతాదు తక్కువైతే రక్షణ లేదు, ఎక్కువైతే రక్తస్రావం. అందుకే ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష తరచుగా చేయించుకుంటూ, సాధారణంగా దానిని 2, 3 అంకెల మధ్య నిలుపుకోవాలి. ఆకుకూరలలోని కె విటమిన్ ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. అంతమాత్రాన తోటకూర, పాలకూర, మునగాకు పూర్తిగా మానివేయనక్కరలేదు. ఒక వారం అసలు లేకుండా, మరొక వారం రోజూ తినకుండా, ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే చాలు.

2009 తరువాత డాబిగాట్రాన్, రివరోక్సబాన్, ఎపిక్సబాన్, ఎడోక్సబాన్ అనే కొత్త మందులు వచ్చాయి. వీటికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కరలేదు, మెదడులో రక్తస్రావం వార్ఫరిన్ కంటె తక్కువ. మూత్రపిండాల పనితీరును మాత్రం పరీక్షించుకుంటూ ఉండాలి. అయితే లోహపు కవాటం గలవారికి ఇవి పనికిరావు. కీళ్ళవాత జ్వరం వలన కవాటం బిగుసుకున్నవారికి సైతం పాత తరగతి మందులే మేలని 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన నిరూపించింది. కొత్తదంతా అందరికీ మంచిదని భావించరాదు.

మాత్ర మానే ముందు

ఈ మందుతో వచ్చే ఇబ్బంది ఏమంటే, అది పనిచేస్తున్నట్లు మనకు తెలియదు. తలనొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతుంది. ఇది వేసుకుంటే “ఏమీ జరగదు”. ఆ ఏమీ జరగకపోవడమే దాని ఫలితం. ఈ సంగతి మరచి మానివేసేవారు అనేకులు. కొత్త మందుల ప్రభావం ఒకటి రెండు రోజులలోనే పోతుంది; వార్ఫరిన్ ప్రభావం కొద్ది రోజులలో పోతుంది. తరువాత కాపు లేని పంటచేనే.

పన్ను తీయించుకోవడానికి సాధారణంగా వార్ఫరిన్ మానవలసిన అవసరం ఉండదు, ఐ.ఎన్.ఆర్. పరీక్షించి, రక్తం ఆపే జాగ్రత్తలతో దంతవైద్యులు పని పూర్తిచేస్తారు. పెద్ద శస్త్రచికిత్స అయితే ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో ఇద్దరు డాక్టర్లూ కలిసి నిర్ణయిస్తారు. మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు దుకాణంలో కొని వాడరాదు, రక్తస్రావం కలుగవచ్చు. నల్లని విరేచనం, మూత్రంలో రక్తం, ఆగని ముక్కురక్తం, తలకు దెబ్బ – వీటిలో ఏది సంభవించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వార్ఫరిన్ వాడుతున్న స్త్రీలు గర్భం ధరించదలచినప్పుడు ముందుగానే డాక్టరుకు చెప్పాలి. అది గర్భస్థ శిశువుకు హాని చేయగలదు.

గుండె వేగాన్ని అదుపుచేసే మందులు, లయను సరిచేసే విద్యుత్ చికిత్స, లయ చెడగొట్టే కణాలను మాడ్చే అబ్లేషన్ చికిత్స కూడా ఉన్నవి. లయ సరిపడినా, పాయింట్ల లెక్కన ప్రమాదం ఉన్నవారు గడ్డ నివారణ మందును కొనసాగించవలసి ఉంటుంది.

గడియారం చూడండి

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా పక్షవాతం రావచ్చు. మూతి ఒకప్రక్కకు వంకరపోవడం, ఒక చేయి గాని కాలు గాని హఠాత్తుగా చచ్చుబడటం, మాట ముద్దగా రావడం లేదా పడిపోవడం – వీటిలో ఒక్కటి కనిపించినా అది గుర్తు. మొదట చేయవలసినది గడియారం చూడటం. రోగి చివరిసారిగా ఎప్పుడు బాగా ఉన్నారో ఆ సమయం డాక్టరుకు అత్యవసరం. గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే, తొడ వద్ద నుండి సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగే చికిత్స 2015 నుండి ప్రామాణికమయింది. సామాన్యంగా ఆరు గంటలలోపు, ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకు చేయవచ్చు. రక్తం గడ్డకట్టని మందు వాడుతున్నవారికి ఇంజక్షన్ ఇవ్వడానికి వీలు కాకపోయినా ఈ చికిత్స సాధ్యం కావచ్చు. కనుక వాడుతున్న మందుల చీటీని వెంట తీసుకువెళ్ళండి.

ఇంటిలో ఆస్పిరిన్ వేయవద్దు. పక్షవాతం గడ్డ వలన వచ్చిందో, రక్తస్రావం వలన వచ్చిందో సి.టి. స్కాన్ చేస్తేనే తెలుస్తుంది. నీళ్ళు, కాఫీ పట్టవద్దు, ఊపిరితిత్తులలోకి పోతాయి. పసరు మందులకు, మర్దనలకు పరుగెత్తి విలువైన గంటలను పోగొట్టుకోవద్దు. 108కు ఫోన్ చేసి, సి.టి. స్కాన్ గల ఆసుపత్రికే తీసుకువెళ్ళండి.

ఒక్క నిమిషం చాలు

బొటనవ్రేలి మొదట, మణికట్టు వద్ద మూడు వ్రేళ్ళు ఆనించి, ఒక పూర్తి నిమిషం నాడి చూడటం ఎవరైనా నేర్చుకోవచ్చు. అంకె కంటె వరుస ముఖ్యం. తాళం పదేపదే తప్పుతున్నట్లు తోస్తే ఇ.సి.జి. తీయించాలి. లయభంగం వచ్చిపోతూ ఉండవచ్చు, ఒక్క ఇ.సి.జి.లో దొరకకపోతే డాక్టరు 24 గంటల రికార్డింగు చేయిస్తారు. అరవై అయిదేళ్ళు దాటిన తల్లిదండ్రుల నాడిని నెలకొకసారి చూడటం పిల్లలు అలవాటు చేసుకుంటే అంతకు మించిన సేవ లేదు.

కాఫీ గ్లాసు జారిన ఆ ఉదయం, ఆ ఇంటి ఇల్లాలు గోడ గడియారం వైపు చూసి, ఆలస్యం చేయక ఫోన్ చేసినట్లయితే ఆయన మళ్ళీ మాట్లాడగలరేమో. కాని అంతకు మూడు వారాల ముందు, మాత్ర మానవచ్చునా అని డాక్టరును ఒక్క మాట అడిగి ఉంటే, ఆ గ్లాసు బహుశా చేతిలోనే ఉండేది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం కంటె, ఈ సాయంకాలమే ఇంటిలోని పెద్దల చేతిని ఒక్క నిమిషం చేతిలోకి తీసుకోండి.