సినిమా రేటింగు

చూసిన సినిమా ఎంత నచ్చినదో నక్షత్రాలతోనో, అంకెలతోనో తెలియజేయడాన్ని సినిమా రేటింగు అంటారు. సెన్సారు బోర్డు ఇచ్చే యు, ఎ వంటి ధ్రువపత్రాలు వేరు. అవి ఆ సినిమాను ఎవరు చూడవచ్చునో మాత్రమే తెలుపుతాయి.

చరిత్ర

పత్రికలలో నక్షత్రాల పద్ధతికి తొలి ఉదాహరణగా సాధారణంగా 1928 జూలై 31 నాటి న్యూయార్క్ డైలీ న్యూస్‌ను పేర్కొంటారు. అందులో ఐరీన్ థైరర్ అనే విమర్శకురాలు ఒక మూకీ చిత్రానికి ఒక్క నక్షత్రం ఇచ్చింది.

తెలుగునాట అంకెలకంటే ముందునుండే "టాక్" ఉన్నది. మార్నింగ్ షో చూసి వచ్చినవారి మాటలనుబట్టి హిట్ టాక్, ఫ్లాప్ టాక్ అంటారు. అభిప్రాయాలు చీలిపోతే అది డివైడ్ టాక్. నిజానికి ఈ మూడవ మాట చెప్పే సంగతిని సగటు అంకె చెప్పలేదు. సగంమంది 5, సగంమంది 1 ఇచ్చినా సగటు 3 వస్తుంది. అందరూ 3 ఇచ్చినా అంతే.

లెక్కించే విధానం

అన్ని రేటింగులూ ఒకే విషయాన్ని కొలవవు. 1998లో మొదలైన రాటెన్ టొమాటోస్ శాతం, బాగుందన్న విమర్శకుల సంఖ్యను తెలుపుతుంది కాని ఎంత బాగుందో తెలుపదు. పదిమంది విమర్శకులు 5కు 3 చొప్పున ఇచ్చి, అందరూ ఫరవాలేదు, చూడవచ్చు అన్నారనుకుందాం. సగటు 3 మాత్రమే, శాతం మాత్రం 100. ఈ తేడా తెలియక పోస్టరు మీది 100 చూసి అద్భుతమనుకొనేవారు ఎక్కువ.

ఐఎమ్‌డీబీలో ప్రేక్షకులు 1 నుండి 10 వరకు మార్కులు వేస్తారు. అక్కడ కనిపించేది సాధారణ సగటు కాదు. అభిమానులు గుంపుగా 10, ఎదుటి హీరో అభిమానులు గుంపుగా 1 వేయడం జరుగుతుంది కనుక అన్ని ఓట్లకూ సమాన విలువ ఇవ్వరు. ఆ లెక్క పూర్తి వివరాలను కావాలనే బయటపెట్టరు.