8.3 ఎరుపు శైవలాలు: రోడోఫైసీ లక్షణాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి చదువుతున్న మీకు ఈ తరగతితో ఒక చిక్కు ఉంది. సుమారు 7,000 జాతుల ఎరుపు శైవలాల్లో అత్యధిక భాగం సముద్రంలోనే పెరుగుతాయి. మీకు దగ్గరలో ఉన్నవి చెరువులు. చెరువు నీటిపై ఎర్రని తెట్టు కనిపిస్తే ఇదే రోడోఫైసీ అని రికార్డులో రాయాలనిపిస్తుంది. రాయకండి. అది సాధారణంగా యూగ్లీనా సాంగ్వినియా గానీ, ఎండకు ఎర్రబారిన అజొల్లా అనే ఫెర్న్ గానీ అయి ఉంటుంది.

మరి ఎలా గుర్తించాలి? సూక్ష్మదర్శిని కింద కశాభంతో ఈదే కణం కనిపిస్తే అది ఎరుపు శైవలం కాదు. వీటి జీవితచక్రంలో ఏ దశలోనూ కశాభాలు ఉండవు. పురుషబీజమైన స్పెర్మేషియం సైతం నీటితో కొట్టుకువచ్చి, కార్పోగోనియం కొననున్న ట్రైకోగైన్‌కు అంటుకోవలసిందే.

రంగుకు కారణం ఫైకోఎరిత్రిన్. ఇది లోతుకు చేరగలిగే నీలి, ఆకుపచ్చ కాంతిని గ్రహించి, ఆ శక్తిని పత్రహరితం-ఎ కు అందిస్తుంది. బహామాస్ దగ్గర 268 మీటర్ల లోతున కూడా ఎరుపు శైవలం దొరికింది. అయితే రంగునే నమ్ముకోవద్దు. చల్లని సెలయేళ్లలో పెరిగే బట్రకోస్పెర్మమ్ తరచుగా నీలి ఆకుపచ్చగానో, గోధుమ రంగులోనో ఉంటుంది.

నిల్వ ఆహారం ఫ్లోరిడియన్ పిండి. ఇది ప్లాస్టిడ్‌లో కాక కణద్రవ్యంలో నిల్వ ఉంటుంది. అయోడిన్ వేస్తే బంగాళాదుంప పిండిలా ముదురు నీలం రాదు, ఎరుపు గోధుమ ఛాయ వస్తుంది.

సముద్రం దూరమైనా ఈ శైవలాల కణకవచ పదార్థం మీకు కొత్త కాదు. ప్రయోగశాలలో పెట్రి పళ్లెంలోని అగర్, వంటింటి చైనా గ్రాస్ ఒకటే. గ్రాసిలేరియా, జెలిడియం వంటి వాటి నుంచి దీన్ని తీస్తారు. విశాఖపట్నం తీరపు రాళ్లపై గ్రాసిలేరియాను చూడవచ్చు. సూక్ష్మజీవుల పెంపకానికి మొదట జెలటిన్ వాడేవారు. 37 డిగ్రీల వెచ్చదనానికే అది కరిగిపోయేది. 1881లో ఫానీ హెస్సే వంటింటి అనుభవంతో అగర్‌ను సూచించింది. అగర్ కరగాలంటే సుమారు 85 డిగ్రీలు కావాలి.

సిరిసిల్ల విద్యార్థులు ఒక తేడా గమనించాలి. బట్టల అద్దకంలో రంగును చిక్కబరిచే ఆల్జినేట్ గోధుమ శైవలాలది, వీటిది కాదు. పరీక్షలో ఈ రెండింటినీ తారుమారు చేసి మార్కులు పోగొట్టుకోవద్దు.