బూజు తుడిచే ముందు చెమ్మ జాడ చూడండి

ఆగస్టులో ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ పొడ తగలకపోతే విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో బీరువా తెరవగానే ముక్క వాసన కొడుతుంది. గంజి పెట్టి దాచిన నూలు చీర మడత విప్పితే అంచున బూడిదరంగు చుక్కలు ఉంటాయి. దాని పక్కనే ఉన్న పాలియెస్టర్ చీరకు ఏమీ కాదు. బూజు శిలీంధ్రం కాబట్టి దానికి తిండి కావాలి. గంజి, నూలు, తోలు చెప్పు, పుస్తకం అట్టలోని జిగురు, గోడ మీది దుమ్మూ జిడ్డూ అన్నీ తిండే. అందుకే వానాకాలం దాచే చీరలకు గంజి పెట్టకండి, కట్టుకునే ముందు పెట్టుకోవచ్చు.

బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని తరిమేయలేం, తిండినంతా తీసేయలేం. మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే. అదెక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా ఎంత తోమినా బూజు మళ్లీ వస్తుంది.

గోడ మీద మచ్చ కనిపిస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ పక్కనే శుభ్రంగా ఉన్న చోట గోడను పొడిగా తుడిచి, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులయ్యాక ఊడదీయండి. గోడవైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచే వస్తోంది. గదివైపు తడి ఉంటే అది గదిలోని గాలి తేమ.

గోడలోంచి వచ్చేదైతే పిట్టగోడ పగులు, సజ్జ మీద నిలిచే నీళ్లు, గోడ అవతలి బాత్‌రూమ్ పైపు చూడాలి. నేల నుంచి మోకాలెత్తు దాకా పట్టీలా కనిపిస్తే అది పునాది నుంచి ఎక్కే నెమ్ము కావచ్చు. తెల్లగా పొడిలా రాలేది చాలాసార్లు బూజు కాదు, ఉప్పు. నీళ్లు చిలకరిస్తే కరిగిపోతుంది. అయితే అదీ చెమ్మ ఉందనడానికి గుర్తే.

గాలి తేమ సంగతి వేరు. తలుపులు మూసి ఫ్యాన్ కింద తడి బట్టలు ఆరేస్తే ఆ నీరంతా గదిలోకే చేరుతుంది. ముసురులో కిటికీలు తీసినా లాభం లేదు, బయటి గాలే తడిగా ఉంటుంది. ఎండ వచ్చిన మధ్యాహ్నం తీయండి. ఏసీ ఉంటే డ్రై మోడ్ వాడండి. తేమ చూపే చిన్న మీటరు కొనుక్కుని 60 శాతం లోపు ఉండేలా చూసుకోండి. బీరువాను గోడకు నాలుగైదు అంగుళాలు ఎడంగా జరపండి. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు పురుగుల కోసమే, తేమను పీల్చవు. మూసి ఉన్న బీరువాలో తేమ పీల్చేది కాల్షియం క్లోరైడ్ డబ్బా. అది నీటితో నిండగానే మార్చాలి.

ఇక తుడవడం. పొడి చీపురుతో గీకకండి, బీజాలు గదంతా రేగుతాయి. మాస్కు, గ్లౌజులు వేసుకుని సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే ఫ్యాన్ వేసి ఆరబెట్టండి. టైల్స్ మీదైతే బ్లీచ్ ద్రావణం వాడొచ్చు, లీటరు నీళ్లకు 60 మిల్లీలీటర్లు మించకుండా. దాన్ని టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. అలా కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇరుకు బాత్‌రూముల్లో ఇది నిజంగా ప్రాణాపాయం. ఉబ్బసం ఉన్నవాళ్లు, పిల్లలు ఆ పూట ఆ గదికి దూరంగా ఉండాలి. బూజు పది చదరపు అడుగులు దాటి పరుచుకుంటే తెలిసినవాళ్లను పిలిపించడం మంచిది.

లీకు బాగుచేయించగానే రంగు వేయించాలని అందరికీ తొందరే. గోడ లోపల ఆరడానికి వారాలు పడుతుంది. తడి గోడకు రంగు వేస్తే బుడగలు లేచి పెచ్చులూడుతుంది. ఫాయిల్ ముక్క ఇంకోసారి అంటించి చూడండి. గోడవైపు పొడిగా ఉంటే పుట్టీ పెట్టేవాళ్లను పిలవండి.