పాత పికప్ వాహనాలు : ఇగ్నిషన్ టైమింగ్, సంరక్షణ

అండమాన్, నికోబార్ దీవులలో రైలు మార్గం లేదు. జంగ్లీఘాట్ రేవులో దిగిన చేపలు బజారుకు చేరాలన్నా, దిగ్లీపూర్ ప్రాంతపు వరి, కొబ్బరి, పోక దక్షిణానికి రావాలన్నా చిన్న సరకు వాహనమే ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో ఎందరో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వచ్చి మత్స్య వృత్తిలోను, చిల్లర వర్తకంలోను స్థిరపడినవారు. ఇట్టి కుటుంబాలకు ఒక పాత పికప్ వాహనం ఇంటిలో మరొక సంపాదనపరుడితో సమానం.

అయితే ఆ వాహనం ఆగిపోయిననాడు నష్టం ఇక్కడ రెండింతలు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి చెన్నై నుండి సుమారు 1,190 కి.మీ., విశాఖపట్నం నుండి సుమారు 1,200 కి.మీ. సముద్ర దూరం ఉన్నది. స్థానికంగా దొరకని విడిభాగం ఓడ మీదనే రావాలి. అది వచ్చే వరకు బాడుగ ఉండదు. బ్యాంకు వాయిదా గడువు మాత్రం ఆగదు. వాయిదా బకాయి 90 రోజులు దాటితే ఆ రుణాన్ని నిరర్థక ఆస్తిగా వర్గీకరించవలసి వస్తుంది. ఫీలర్ గేజీతో అరగంటలో సరిచేయదగిన లోపం ఇంతదూరం రాకుండా చూసుకొనడం మీ చేతిలోని పనియే. అందుకు అవసరమైన విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ముందుగా మీ ఇంజను ఏ రకమో గుర్తించండి

టైమింగ్ విషయంలో వాహనాలు మూడు రకాలు. మొదటి రకం కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్ గల పాత పెట్రోలు వ్యానులు, పెట్రోలు జీపులు. వీటిలో టైమింగును చేతితో సరిచేయవచ్చును, తరచు సరిచేయాలి కూడా. రెండవ రకం కంప్యూటరు పెట్టె నియంత్రించే ఇటీవలి పెట్రోలు ఇంజన్లు. వీటిలో నిప్పురవ్వ వేళను సాధారణంగా ఆ పెట్టెయే నిర్ణయిస్తుంది. చేతితో తిప్పవలసినది ఉండదు. మూడవ రకం డీజిల్ ఇంజన్లు. పికప్ వాహనాలలో అధిక సంఖ్య వీటిదే. డీజిల్ ఇంజనులో ప్లగ్గు రవ్వ లేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. అక్కడ టైమింగ్ అనగా పంపు ఇంధనాన్ని చిమ్మే వేళ అని అర్థం.

టైమింగ్ అనగా ఏమి?

సిలిండరులోని పెట్రోలు, గాలి మిశ్రమం రవ్వ తగిలిన మరుక్షణమే మొత్తం మండిపోదు. మంట వ్యాపించడానికి సెకనులో వెయ్యవ వంతులలో కొంత కాలం పడుతుంది. పిస్టన్ పై కొసను దాటి కిందికి దిగడం ఆరంభించిన కొద్దిసేపటికి మంట ఒత్తిడి గరిష్ఠం కావాలి. అప్పుడే ఆ బలం చక్రాలకు చేరుతుంది. కావున పిస్టన్ పై కొసకు చేరడానికి ముందే రవ్వ పుట్టాలి. ఎన్ని డిగ్రీల ముందు అన్నదే టైమింగ్.

ఒక చిన్న లెక్క చూడండి. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనులో వెయ్యవ వంతు కాలంలో క్రాంక్ షాఫ్టు 5 డిగ్రీల కన్న తక్కువే తిరుగుతుంది. 3,000 చుట్ల వద్ద అంతే కాలంలో 18 డిగ్రీలు తిరుగుతుంది. మంటకు కావలసిన కాలం ఆ నిష్పత్తిలో తగ్గదు. అందుచేత వేగం పెరిగిన కొద్దీ రవ్వ ఇంకా ముందుగా రావాలి. ఈ పనిని డిస్ట్రిబ్యూటరు లోపలి చిన్న బరువులు, వాటి స్ప్రింగులు చేస్తాయి. కొన్నింటిలో గాలి గొట్టంతో పనిచేసే వ్యాక్యూమ్ డబ్బా కూడా సహాయపడుతుంది.

రవ్వ ఆలస్యమైతే ఇంజను మందకొడిగా లాగుతుంది. మంటలో కొంత భాగం వృథాగా సైలెన్సరు గుండా పోతుంది. ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు అధికంగా ఖర్చవుతుంది. రవ్వ మరీ ముందుగా వస్తే బరువు లాగునప్పుడు గులకరాళ్ళు గలగలలాడినట్లు శబ్దం వస్తుంది. హ్యాండిల్ వేసి తిప్పే పాత బండ్లలో హ్యాండిల్ వెనక్కు తన్ని చేయి విరిగే ప్రమాదమూ ఉన్నది. ఆ శబ్దాన్ని లక్ష్యపెట్టక నడిపితే పిస్టన్లు, బేరింగులు దెబ్బతింటాయి.

పాయింట్లు ముందు, టైమింగ్ తరువాత

చాలామంది మొదట డిస్ట్రిబ్యూటరును తిప్పివేస్తారు. ఇది సరియైన పద్ధతి కాదు. పాయింట్ల మధ్య ఖాళీ మారితే టైమింగ్ కూడా మారుతుంది. క్యామ్ మీద రాసుకొనే చిన్న దిమ్మె అరిగిన కొద్దీ ఖాళీ తగ్గి, పాయింట్లు ఆలస్యంగా తెరచుకొంటాయి, రవ్వ వెనుకబడుతుంది. ఎవరూ ముట్టుకొనకపోయినా నెలలు గడిచేసరికి బండి 'బరువెక్కి'నట్లు తోచడానికి ఇది ఒక ముఖ్య కారణం. కావున ఈ క్రమాన్ని పాటించండి.

1. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేయండి. డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపలి తేమను పొడిగుడ్డతో తుడవండి. మూతలో బీటలు, నల్లని గీతలు ఉంటే మూత మార్చాలి. తుడిచినందువల్ల ప్రయోజనం లేదు.

2. పాయింట్లు గుంటలు పడి ఉంటే కొత్తవి వేయండి. త్వరత్వరగా కాలిపోతుంటే కండెన్సరును అనుమానించండి. క్యామ్ ఉబ్బు దిమ్మెను పూర్తిగా ఎత్తినప్పుడు ఫీలర్ గేజీతో ఖాళీ చూడండి. చాలా వాహనాలలో ఇది 0.4 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది, మీ వాహనపు పుస్తకంలోని అంకెయే ప్రమాణం.

3. ఒకటవ సిలిండరు ప్లగ్గు తీసి రంధ్రంపై బొటనవ్రేలు ఉంచి ఇంజనును చేతితో తిప్పండి. గాలి వ్రేలిని నెట్టినప్పుడు అది కంప్రెషన్ దశ. పుల్లీ లేదా ఫ్లైవీలుపై గల గుర్తును పుస్తకంలో చెప్పిన డిగ్రీకి ఎదురుగా నిలపండి. రోటరు ఒకటవ తీగ వైపు చూస్తూ ఉండాలి.

4. ఒక 12 వోల్టుల బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకదానిని కాయిల్ నుండి డిస్ట్రిబ్యూటరుకు పోయే చివరకు, రెండవదానిని ఇంజను లోహానికి తగిలించండి. తాళం చెవి తిప్పండి. పాయింట్లు మూసి ఉంటే బల్బు వెలగదు. తెరచుకొన్న క్షణాన వెలుగుతుంది.

5. డిస్ట్రిబ్యూటరు బిగింపును వదులు చేసి, రోటరు తిరిగే దిశలో బల్బు ఆరేవరకు తిప్పండి. ఆపైన ఎదురు దిశలో మెల్లగా తిప్పుతూ బల్బు వెలిగిన చోటనే ఆపి బిగించండి. డిస్ట్రిబ్యూటరు షాఫ్టు క్రాంక్ షాఫ్టులో సగం వేగంతో తిరుగుతుంది. కనుక మీరు ఒక డిగ్రీ తిప్పితే టైమింగ్ రెండు డిగ్రీలు మారుతుంది. పని పూర్తికాగానే తాళం చెవి ఆపండి. పాయింట్లు మూసి ఉండగా ఎక్కువసేపు వదిలితే కాయిల్ వేడెక్కి చెడుతుంది.

6. మెకానిక్కు వద్ద టైమింగ్ లైటు ఉంటే ఇంజను నడుస్తుండగా సరిచూడమనండి. వేగం పెంచినప్పుడు గుర్తు ముందుకు జరగాలి. జరగకపోతే లోపలి బరువులు తుప్పు పట్టి బిగుసుకొన్నవని గ్రహించాలి. సముద్రపు గాలిలో నడిచే బండ్లలో దీనిని తప్పక చూడాలి. ఆ స్థితిలో డిస్ట్రిబ్యూటరును ఎంత తిప్పినా ఒక వేగానికి సరిపోయినది మరొక వేగానికి సరిపోదు.

చివరగా ఇంజను వేడెక్కిన తరువాత మామూలు బరువుతో ఎత్తురోడ్డుపై నడిపి చూడండి. గలగల శబ్దం ఆగకుండా వస్తుంటే రవ్వ ముందుగా ఉన్నదని అర్థం; కొద్దిగా వెనుకకు జరపాలి. నడుస్తున్న ఇంజను వద్ద పైపంచ, వదులు చొక్కా చేతులు ఫ్యాను దరికి రానీయకండి. ప్లగ్గు తీగలను వట్టి చేతితో పట్టుకొనకండి. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. ఆ పొగ ప్రాణాంతకము.

డీజిల్ వాహనదారులకు

ఇంధనం ఆలస్యంగా చిమ్మితే బలం తగ్గి పొగ ఎక్కువవుతుంది; ముందుగా చిమ్మితే ఇంజను కఠినంగా కొట్టుకొంటుంది. ఈ పంపు సర్దుబాటుకు పరీక్ష యంత్రం గల పంపు రిపేరు కేంద్రమే తగినది. మీరు చేయవలసినది ఇంధనాన్ని శుభ్రంగా ఉంచడం. ఫిల్టరు అడుగున చేరే నీటిని క్రమం తప్పక వదలండి. పంపును, ఇంజెక్టర్లను చెడగొట్టే వాటిలో నీరు ప్రధానమైనది.

అన్నిటికీ టైమింగే కారణం కాదు

మైలేజీ తగ్గగానే టైమింగును నిందించరాదు. గాలి ఫిల్టరు మూసుకొనిపోవడం, టైర్లలో గాలి తగ్గడం, బ్రేకులు పట్టివేయడం, ప్లగ్గులు అరగడం కూడా అదే ఫలితాన్ని ఇస్తాయి. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చుతో కూడినవి తరువాత చేయించండి. సిలిండర్లలో కంప్రెషన్ తగ్గినట్లు తేలితే టైమింగ్ దానిని దాచలేదు. అప్పుడు ఇంజను పనికి సిద్ధపడవలసి ఉంటుంది.

దేశమంతటా 2000 ఫిబ్రవరి నుండి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. అంతకు ముందటి ఇంజన్లలో వాల్వు సీట్లు మెత్తనివైతే త్వరగా అరుగుతాయి. హెడ్ విప్పిన సందర్భంలో గట్టి సీట్లు వేయించుకొనడం మేలు. ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడేచోట పాత రబ్బరు గొట్టాలను, కార్బ్యురేటరు వాషర్లను తరచు పరీక్షించండి.

ఉప్పుగాలి, వాన, పంటి ప్రయాణం

ఈ దీవులలో ఏడాదికి సుమారు 3,000 మి.మీ. వర్షం కురుస్తుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వస్తాయి. దానికి ఉప్పుగాలి తోడవుతుంది. పైగా చేపలతో పాటు కరిగిన మంచు నీరు తొట్టి నుండి కారి ఛాసిస్ మీద పడుతుంది. కావున ఈ జాగ్రత్తలు అవసరం.

చేపల లోడు దించిన ప్రతిసారి తొట్టిని, ఛాసిస్ అడుగును మంచినీటితో కడగండి. నీటి కొరత గల వేసవిలో బకెట్టు నీరైనా అడుగు భాగానికే కేటాయించండి. తొట్టి నీరు చక్రాలకు, స్ప్రింగు పట్టీలకు తగలకుండా గొట్టం ద్వారా బయటికి పంపండి. బ్యాటరీ కొసలకు వాజిలైన్ పూయండి. ఇంజను, ఛాసిస్‌ల మధ్యనున్న ఎర్తు తీగ కొసలను తుప్పు గీకి బిగించండి. రవ్వ బలహీనమైనదని కాయిల్ మార్చేవారిలో కొందరికి అవసరమైనది ఈ తీగ శుభ్రతయే. రాత్రివేళ ట్యాంకు నిండుగా ఉంటే లోపల తేమ చేరడం తగ్గుతుంది.

అండమాన్ ట్రంక్ రోడ్డుపై ఉత్తరానికి పోవువారు మరింత ముందుచూపుతో ఉండాలి. జిర్కాటాంగ్ నుండి మిడిల్ స్ట్రెయిట్ వరకు జారవా రిజర్వు గుండా వాహనాలు నిర్ణీత వేళలలో వరుసగా పోవాలి, దారిలో ఆగరాదు. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనావళి ఆ ప్రాంతానికి వర్తిస్తుంది. అక్కడ ఇంజను ఆగితే మీ ఒక్క బండికే కాక, వెనుకనున్న వరుసకూ, ఆ అడవిలో నివసించే ప్రజలకూ ఇబ్బంది. అటుపై బారాటాంగ్‌కు పంటి దాటాలి. కావున బయలుదేరుటకు ముందురోజే నీరు, ఆయిలు, ఫ్యాన్ బెల్టు, రేడియేటరు గొట్టాలు, బ్రేకులు చూసుకొనండి. ఒక జత పాయింట్లు, కండెన్సరు, రోటరు, ప్లగ్గులు, బెల్టు, ఫ్యూజులు గాలి చొరని డబ్బాలో వెంట ఉంచుకొనండి.

లెక్క వ్రాసుకొనండి

ఒక బండి రోజుకు 60 కి.మీ. నడుస్తుందని అనుకొందాం. లీటరుకు 12 కి.మీ. వస్తే 5 లీటర్లు చాలును. టైమింగ్ చెడి 10 కి.మీ.కు పడిపోతే 6 లీటర్లు కావాలి. నెలకు 25 రోజుల చొప్పున ఏడాదికి 300 లీటర్లు అదనం. దీనిని మీ ఊరి ధరతో హెచ్చవేసి చూడండి. ఒక జత పాయింట్ల ధరతో పోల్చితే విషయం స్పష్టమవుతుంది. ఇంధనం, కిలోమీటర్లు, మరమ్మతులు నమోదు చేసే చిన్న పుస్తకం ఉంటేనే ఈ తేడా సకాలంలో కంటబడుతుంది. రోజువారీ బాడుగ నుండి కొంత మొత్తాన్ని మరమ్మతుల నిమిత్తం పొదుపు ఖాతాలో విడిగా జమచేయండి. వాహనం వయస్సు 8 ఏళ్ళు దాటితే ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఏటా పొందాలి; ఆ ఖర్చునూ ముందే లెక్కలో చేర్చండి.

ప్రధాన భూభాగం నుండి పాత వాహనం కొని తెచ్చువారు రంగును చూసి మోసపోరాదు. ఛాసిస్ తుప్పు, కంప్రెషన్, రిజిస్ట్రేషన్ పత్రంలో పాత రుణపు నమోదు, నిరభ్యంతర పత్రం - ఈ నాలుగు చూసిన పిమ్మటనే బయానా ఇవ్వండి. పెద్ద మరమ్మతు తప్పనిసరియై చేతిలో సొమ్ము చాలనప్పుడు, కొటేషనుతో బ్యాంకు శాఖను ముందుగా సంప్రదించండి. వాయిదా తప్పిన తరువాత వచ్చేవారి కన్న, తప్పడానికి ముందు వచ్చేవారికి చూపగల మార్గాలు ఎక్కువ.

విడిభాగాల డీలర్లకు ఒక మాట. ఓడ ఆలస్యమయ్యే వానకాలానికి ముందే పాయింట్లు, కండెన్సర్లు, మూతలు, ఫిల్టర్లు తగినంత నిల్వ చేయండి. వాటిని తేమ తగలని చోట ఉంచండి. తక్కువ ధరకు దొరికే నకిలీ సరకు కొనుగోలుదారుని బండినే కాక, అరువు మీద నడిచే మీ వ్యాపారాన్ని కూడా నిలిపివేస్తుంది. ప్రతి అమ్మకానికి బిల్లు ఇవ్వండి. బ్యాంకు రుణానికైనా, బీమా క్లెయిమునకైనా ఆధారం అదే.

వాహనం పాతదైనంత మాత్రాన భారం కాదు. పాయింట్ల ఖాళీ, రవ్వ వేళ, తుప్పు నివారణ - ఈ మూడింటిని క్రమంగా చూసుకొనేవారి బండి రుణం తీరిన తరువాత కూడా కొన్నేళ్ళు ఇంటికి ఆదాయం తెస్తుంది.