చిట్టా చేతిఫోనులో, ఆవర్జా డేటా గిడ్డంగిలో: మధ్య గుమాస్తా ఎవరు?
మిర్చి ఎగుమతి వర్తకుల లెక్కల్లో కొత్త ఏర్పాటు. అది సాగే తీరు, అందులోని చిక్కులు

గుంటూరు: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు యార్డుకు మిర్చి రాబడి ముమ్మరంగా ఉంటుంది. సరుకు పెరిగినకొద్దీ ఎగుమతి వర్తకుల వద్ద పనుల ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఒక లాటు కొన్నది మొదలు ఓడకు ఎక్కించే వరకు కాటా వేయించడం, ముచ్చికలు తీయించడం, గ్రేడింగు, శాంపిల్ పరీక్ష, కోల్డ్ స్టోరేజీ బాండు, రవాణా అంటూ పనులు వరుసగా ఉంటాయి. ఒకప్పుడు ఇవన్నీ గుమాస్తా జ్ఞాపకంలోను, ఆయన చిట్టాలోను ఉండేవి. ఇప్పుడు ఆసనా, ట్రెల్లో వంటి పనుల యాప్‌లు చేతిఫోనులోకి వచ్చాయి. ఫలానా లాటుకు ఫలానా పని, ఫలానా మనిషి, ఫలానా తేదీకి అని అందులో రాసుకుంటున్నారు.

అయితే, ఈ రోజు ఏం చేయాలో చెప్పడం వరకే యాప్ పని. గత 3 సీజన్లలో పరీక్ష ఫలితం రావడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది, ఏ గోదాములో ముచ్చికల పని ఆలస్యమవుతున్నది, ఆ ఆలస్యం వల్ల ధరలో ఎంత పోయింది అన్న ప్రశ్నలకు కొనుగోలు లెక్కలు, ధరలు, పనుల వివరాలు ఒకేచోట ఉండాలి. ఆ చోటే డేటా వేర్‌హౌస్, అనగా లెక్కల గిడ్డంగి. ఈ ఏర్పాటును ఐబీఎం సంస్థకు చెందిన బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ 1988లో ఒక వ్యాసంలో వివరించారు. 1992లో వచ్చిన బిల్ ఇన్‌మన్ గ్రంథంతో అది ప్రచారంలోకి వచ్చింది. నేడు బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్ వంటివి చిన్న సంస్థలకు కూడా అందుబాటులో ఉన్నవి.

రాత్రి కూర్చునే గుమాస్తా

చిట్టాలోని పద్దును ఆవర్జాకు ఎక్కించే పని ఎవరు చేయాలన్నది అసలు ప్రశ్న. మనిషి చేత చేయిస్తే సీజనులో నాలుగు రోజులు వెనుకబడుతుంది. అందువల్ల ఈ పనిని జాపియర్, ఎన్-ఎయిట్-ఎన్ వంటి స్వయంచాలక సాధనాలకు అప్పగిస్తున్నారు. ‘ఇది జరిగితే అది చెయ్యి’ అన్నదే వాటి సూత్రం. యాప్‌లో ఒక పని మారితే ఆ వివరం తీసుకుని గిడ్డంగిలో ఒక వరుస చేరుస్తాయి.

కబురు అందే మార్గాలు రెండు. సాధనం కొన్ని నిమిషాలకు ఒకసారి వెళ్లి ‘కొత్తవి ఏమైనా ఉన్నవా?’ అని అడగడం ఒకటి. మార్పు జరిగిన వెంటనే యాప్ తానే కబురు పంపడం రెండవది. దీనిని వెబ్‌హుక్ అంటారు. ఆసనా పంపే వెబ్‌హుక్‌లో ఏ పనిలో మార్పు జరిగిందన్నది మాత్రమే ఉంటుంది. పూర్తి వివరాన్ని ఆ పని సంఖ్య చెప్పి మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. ఇంతవరకు ఒక పూటలో కుదిరే పని. నష్టం తెచ్చే చిక్కులు ఆ తర్వాతనే మొదలవుతాయి.

తిరగబడిన పని

మిర్చి ఎగుమతిలో అఫ్లాటాక్సిన్ పరీక్ష కీలకం. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించరాదు. ఒక లాటు శాంపిల్ పరీక్షకు వెళ్లింది, కాగితం వచ్చింది. కుర్రవాడు యాప్‌లో ‘పూర్తి’ అని గుర్తు పెట్టాడు. ఆ కబురు గిడ్డంగికి చేరింది. మర్నాడు మేనేజరు కాగితం చూసి, అంకె హద్దుకు దగ్గరగా ఉన్నదని, మళ్లీ పరీక్ష చేయించాలని ఆ పనిని తిరిగి తెరిచాడు. ఈ రెండో కబురు గిడ్డంగికి చేరుతుందా?

‘పని పూర్తయినప్పుడు’ అన్న ఒక్క షరతుతోనే ఏర్పాటు చేసి ఉంటే చేరదు. కొత్తవి ఉన్నవా అని అడిగి తెచ్చుకునే పద్ధతిలో జాపియర్ ఒకసారి చూసిన పని సంఖ్యను మళ్లీ కొత్తదిగా లెక్కించదు. ఫలితంగా యాప్‌లో ‘బాకీ’ అని ఉన్న లాటు గిడ్డంగిలో ‘పూర్తి’ అనే ఉంటుంది. ఓడకు పంపే సరుకు జాబితాను గిడ్డంగి నుంచి తయారుచేస్తే ఆ లాటు కంటెయినరులోకి ఎక్కుతుంది. దిగుమతి రేవులో సరుకు తిరస్కరణకు గురైతే రాను పోను కిరాయి, పరీక్షల ఖర్చు, కొనుగోలుదారు నమ్మకం అన్నీ వర్తకుడి నెత్తినే పడతాయి.

దీనికి మందు చిట్టా పద్ధతిలోనే ఉన్నది. చిట్టాలో రాసినదానిని చెరపరు. తప్పు పడితే కింద మరో పద్దు రాస్తారు. గిడ్డంగిలో కూడా రెండు పట్టికలు ఉండాలి. మొదటిదానిలో ప్రతి మార్పు ఒక వరుసగా చేరుతూ పోవాలి: తెరిచారు, పూర్తి చేశారు, మళ్లీ తెరిచారు. రెండవదానిలో ఒక్కొక్క పనికి చివరి స్థితి మాత్రమే ఉండాలి. పనిని తిరిగి తెరిస్తే ఆసనాలో పూర్తయిన తేదీ గడి ఖాళీ అయిపోతుంది. కనుక మొదటి పట్టిక లేకపోతే ఆ చరిత్ర గిడ్డంగికి దక్కదు. ‘పరీక్ష పూర్తి’, ‘ఫలితం పాసు’ అన్నవాటిని కూడా వేర్వేరు గడులుగా ఉంచడం అవసరం.

రెండుసార్లు పడిన పద్దు

నెట్‌వర్కు తడబడినప్పుడు సాధనం అదే కబురును మళ్లీ పంపుతుంది. కబురు పోవడం కన్న రెండుసార్లు రావడమే మేలు. అయితే రెండు వరుసలు పడితే 80 బస్తాల లాటు లెక్కలో 160 బస్తాలవుతుంది. బిగ్‌క్వెరీలో ప్రైమరీ కీ అని ప్రకటించుకోవచ్చును గాని, ఒకే సంఖ్యతో రెండో వరుస వస్తే అది అడ్డుకోదు. అందుచేత చివరి స్థితి పట్టికలో నేరుగా వరుస చేర్చకుండా, పని సంఖ్య ఇంతకుముందే ఉంటే సవరించి, లేకపోతేనే చేర్చే ‘మెర్జ్’ ఆదేశాన్ని వాడాలి.

తెల్లవారుజాము తేదీ

సీజనులో లారీలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. ఆసనా తన లోపలి సమయాలను గ్రీనిచ్ కాలానికి సరితూగే యూటీసీలో ఇస్తుంది. మన గడియారం దానికన్న అయిదున్నర గంటలు ముందు. అంటే ఏప్రిల్ 1 తెల్లవారుజామున 4:30కు దింపుకున్న సరుకు గిడ్డంగిలో మార్చి 31 రాత్రి 11 గంటలకు చేరినట్లు పడుతుంది. ఒక రోజు తేడాతో పోక, సరుకు పాత ఆర్థిక సంవత్సరం లెక్కలోకి జారుతుంది. సమయాన్ని యూటీసీలోనే భద్రపరచి, తేదీ తీసేటప్పుడు భారత కాలానికి మార్చుకోవడం సరైన పద్ధతి.

ఒక రకానికి మూడు పేర్లు

యాప్‌లో రకం పేరును చేతితో రాయనిస్తే ఒకరు ‘తేజ’ అని, మరొకరు ‘తేజా’ అని, ఇంకొకరు ‘తేజ డీలక్స్’ అని రాస్తారు. గిడ్డంగికి అవి మూడు వేర్వేరు సరుకులు. రకం, గ్రేడు, గోదాము పేర్లను ముందే ఇచ్చిన జాబితా నుంచి ఎంచుకునేలా చేయాలి. లాటు సంఖ్యకు ప్రత్యేకంగా ఒక గడి ఉండాలి. కొనుగోలు లెక్కను, పనిని కలిపే ముడి అదే. రైతు ఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఈ లెక్కకు అవసరం లేనివి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్ట్యా కూడా వాటిని గిడ్డంగికి తరలించకపోవడం మంచిది.

కూలి లెక్క

బిగ్‌క్వెరీలో నెలకు కొంత నిల్వ, కొంత వాడకం ఉచితం కనుక చిన్న వర్తకుడికి గిడ్డంగి అద్దె భారం కాదు. మోత కూలే భారం. జాపియర్ వంటివి ఒక్కొక్క చర్యకు లెక్క కడతాయి. రోజుకు 60 లాట్లు, లాటుకు 5 మార్పులు, మార్పుకు 2 చర్యలు అనుకుంటే రోజుకు 600 చర్యలు. 25 పని దినాలకు 15,000. వెంటనే తెలియవలసినవి పరీక్ష ఫలితాలు, రవాణా మాత్రమే. మిగిలిన మార్పులను రాత్రి ఒక్కసారిగా మూటగట్టి చేరవేస్తే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. ఎన్-ఎయిట్-ఎన్‌ను సొంత యంత్రంపై నడుపుకుంటే చర్యల కూలి ఉండదు గాని, దానిని కనిపెట్టుకుని ఉండే మనిషి జీతం ఉంటుంది.

తాళం ఎవరి వద్ద?

యాప్‌లోకి ప్రవేశించడానికి సాధనానికి ఒక తాళపుచెవి ఇవ్వాలి. చాలాచోట్ల దానిని ఏర్పాటు చేసిన కుర్రవాడి పేరు మీదనే తీసుకుంటారు. అతను ఉద్యోగం మానిన నాడు అతని ఖాతా మూస్తారు; దానితోపాటు చేరవేత కూడా ఆగుతుంది. గిడ్డంగి ఖాళీ కాదు. నిన్నటి అంకెలే చూపుతూ ఉంటుంది. ఆగిన గడియారం కూడా ఏదో ఒక సమయం చూపినట్లే. కనుక సంస్థ పేరు మీద వేరే ఖాతా తీయాలి. చివరి పద్దు ఎప్పుడు పడిందో పట్టిక పైనే కనబడాలి. పని వేళల్లో రెండు గంటలపాటు కొత్త పద్దు రాకపోతే యజమాని ఫోనుకు కబురు వెళ్లాలి.

అన్నిటికన్న ముఖ్యం రాత్రి సరిచూపు. యాప్‌లో తెరిచి ఉన్న పనులెన్ని, గిడ్డంగిలో తెరిచి ఉన్నట్లు కనిపించేవి ఎన్ని అని రోజూ పోల్చాలి. యాప్‌లో తొలగించిన పనులు గిడ్డంగిలో మిగిలిపోతే అవి ఇక్కడే బయటపడతాయి. కాటా దగ్గర రెండోసారి తూచుకునే వర్తకుడికి ఇది కొత్త పాఠం కాదు. ఈ సీజనులో మొదలుపెట్టదలచినవారు అన్ని పనులనూ ఒకేసారి కలపక, శాంపిల్ పరీక్ష ఒక్కదానితో ఆరంభించి, 15 రోజులు చేతి చిట్టాతో పోల్చుకుని, రెండూ సరిపోయిన తర్వాతనే ఓడ జాబితాను గిడ్డంగికి అప్పగించడం క్షేమం.