కొక్కెపు సూదితో కొలువు పండ్లు

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చు ఇండ్లలో పండ్ల పళ్లెమునకు ఒక మెట్టుపై చోటు ఉండనే ఉండును. మట్టిపండ్లు, కొయ్యపండ్లు మనకు పాతవి. అంకుడు కొయ్యను త్రిప్పుచు, లక్కరంగు పట్టించి ఏటికొప్పాక పనివారు తీర్చు బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు కూడ వచ్చినది. వీని సరసను ఇప్పుడు మరియొక జాతి పండ్లు కూర్చుండుచున్నవి. అవి దారముతో అల్లినవి. మన ఇండ్లలో బల్లగుడ్డలకు, దిండు గలీబులకు లేసు అల్లిన క్రోషియా సూదియే వీనిని కూడ అల్లును. ఇట్టి అల్లిక బొమ్మలను జపానువారు అమిగురుమి అందురు.

లేసు చదునైనది, పండు గుండ్రనిది. భేదమంతయు ఇందే కలదు. పండునకై అల్లికను ముక్కలుగా కోసి కుట్టరు. దారము తెంపకుండ, శంఖపు చుట్టువలె, ఎడతెగని వరుసగా అల్లుకొని పోవలెను. దారమును వ్రేలికి చుట్టి, చిన్న ఉంగరము చేసి, దానిలో 6 కుట్లు వేయుదురు. రెండవ చుట్టున ఒక్కొక్క కుట్టులో రెండేసి వేసినచో 12 అగును. పిమ్మట 18, ఆపైని 24. చుట్టునకు 6 చొప్పుననే ఏల పెంచవలెను? ఈ కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానములు. వృత్తమునకు వ్యాసార్ధము ఒక కుట్టు పెరిగినచో చుట్టుకొలత 6 కుట్లకు కొంచెము పైగా పెరుగును. బడిలో మనలను ఏడిపించిన లెక్కయే ఇది. కనుక 6 పెంచిన అల్లిక చాపవలె పరచుకొనును. ఎక్కువ పెంచిన కుచ్చిళ్లు పడును. పెంచుట మానినచో అంచు లేచి గిన్నె అగును. ఆ గిన్నె అంచున రెండేసి కుట్లను ఒకటిగా కలుపుచు పోయినచో మూతి ముడుచుకొనును. మూతి మూయుటకు ముందే దూది కూరవలెను.

క్రొత్తవారు రేగిపండుతో ఆరంభించుట మేలు. భోగినాడు పిల్లల తలపై పోయునంతటి చిన్న పండు. 6, 12, 12, 12, 6: మొత్తము 48 కుట్లు. ఒక పూటలో చేతికి వచ్చును. బత్తాయికి 30 కుట్ల వరకు పెంచి, పెంపు లేక మరి ఆరు చుట్లు అల్లి, తిరిగి తగ్గింపవలెను. చుట్టు ఎచట మొదలైనదో కంటికి తెలియదు గనుక, ప్రతి చుట్టు మొదటి కుట్టున వేరురంగు దారపు పోగు ఉంచవలెను. ఈ సంగతిని మరువరాదు, నేను మరచితిని.

మామిడికి ముక్కు కావలెను. అందుకై పెంపును ఒక ప్రక్కను, తగ్గింపును వేరొక ప్రక్కను గుమిగూర్తురు. సువర్ణరేఖ కావలెనన్నచో తొడిమ దగ్గర ఎరుపు దారము కలిపిన చాలును. పనసకాయకు ఒకే కుట్టులో నాలుగైదు కుట్లు వేసి ముడిచినచో బొడిపెలు లేచును. నాకు మిక్కిలి ఇష్టమైనది జీడిమామిడి. పలాస జీడిపప్పు తినని పట్టణపు పిల్లవాడు ఉండడు గాని, గింజ పండు లోపల గాక క్రింద వ్రేలాడునని ఎరిగినవాడు అరుదు. పసుపుపచ్చని పండును, బూడిదరంగు గింజను వేరువేరుగా అల్లి, క్రింద కలిపి కుట్టినచో బోధనయు కొలువులోనే జరిగిపోవును.

దారము మరీ సన్ననిది పనికిరాదు. పొందూరు సన్ననూలు పంచెలకే తగును. సూది మాత్రము దారమునకు చెప్పినదానికంటె ఒక మెట్టు సన్ననిదిగా ఉండవలెను. అల్లిక వదులైనచో బూరుగు దూది సందులనుండి తొంగిచూచును. చంటిపిల్లలున్న ఇంట రేగిపండువంటి చిన్నవానిని, పూసలు కుట్టినవానిని చేతికి అందనీయరాదు.

కొన్ని ఏండ్లక్రిందట విజయనగరమున ఒక అమ్మకపు పందిట ఒకామె ఇట్టి పండ్లు పెట్టుకొని కూర్చుండినది. బత్తాయి వెల అడిగి, "గుప్పెడు దారమునకు ఇంతయా?" అంటిని. ఆమె నవ్వి, "దారానికి లెక్కుందండి బాబూ, నా సేతికి లెక్క లేదేటండి?" అన్నది. ఇంటికి వచ్చి లెక్క వేసితిని. బత్తాయికి 330 కుట్లు. చేయి తిరిగినవారు నిమిషమునకు 10, 12 వేసినను అరగంట. దూది, తొడిమ, ఆకు కలిపి గంటకు తక్కువ కాదు. ఏడు పండ్ల పళ్లెమనగా ఒక పూర్తి పనిదినము. ఈ అల్లికను చేయు యంత్రము ఇంతవరకు బజారునకు రాలేదు. అంగడిలో ఎంత చౌకగా కనబడినను అది ఎవరో ఒకరి చేతిపనియే.

ఆమె అడిగిన ప్రశ్న పాతది. గోదావరి ఒడ్డున నరసాపురమున పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండు మిషనరీ దంపతులు స్త్రీలకు ఈ అల్లిక నేర్పిరి. ఆ లేసు సముద్రములు దాటి అమ్ముడుపోయెను. 2024లో దానికిని భౌగోళిక సూచిక లభించినది. అల్లినవారి సంగతి ఏమి? జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అచట పరిశోధన చేసి 1982లో ప్రకటించిన గ్రంథమున దీనిని విప్పిచూపెను. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లుచున్నను వారిని పనివారుగా గాక, తీరికవేళను గడుపుకొను గృహిణులుగా ఎంచిరి. తీరికకు కూలి ఏల అను భావము వలననే వారి చేతికి వచ్చినది అత్యల్పమయ్యెను. ఇంటిలో వంట, పిల్లలు, పశువులు ముగిసిన పిమ్మట మిగిలిన ఆరు గంటలను తీరిక అనుటకు ఎంత ధైర్యము కావలెనో!

మరునాడు మరల పందిటికి పోయి, ఆమె చెప్పిన వెలయే ఇచ్చి బత్తాయిని, దానితోపాటు ఒక సూదిని తెచ్చుకొంటిని. నా మొదటి బత్తాయికి మూడు రాత్రులు పట్టినవి. చుట్టు మొదట గుర్తు పెట్టనందున లెక్క తప్పి, అది బంగాళాదుంప ఆకారము దాల్చినది. మా ఇంట కొలువులో దానిని పండ్ల పళ్లెమున ఉంచనీయలేదు. ఏటేట క్రింది మెట్టున కూరగాయల గంపలో ఉండుచున్నది.